ఒకే చిత్రిక, రెండు చేతులు

కొత్తగా చిత్రిక కొని చెక్కపని మొదలుపెట్టినవారు వారం తిరక్కుండా అడిగే ప్రశ్న ఒకటుంది. అదే టేకు పలక, అదే చిత్రిక. వడ్రంగి తోస్తే ఉల్లిపొరలాంటి పొర సుడులు తిరుగుతూ పైకి వస్తుంది, కింద చెక్క నున్నగా మెరుస్తుంది. తాము తోస్తే జానెడు దూరం జారి టక్కున ఆగిపోతుంది, ఆగినచోట పెచ్చు లేస్తుంది. తేడా ఎక్కడుంది?

‘చేయి తిరగాలి’ అని వడ్రంగులు ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తారు. జవాబు తప్పు కాదు గాని, చేయి తిరగడమంటే ఏమిటో అందులో తెలియదు. విడదీసి చూస్తే అందులో కండబలం పాలు చాలా తక్కువ. చెక్క లోపల ఏముందో, ఇనుప అంచు దాన్ని ఎలా తాకుతుందో తెలిసి ఉండటం కొంత. మిగతాదంతా, ఎక్కడ శ్రద్ధ పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కర్లేదో తెలియడం. ఔత్సాహికుడికి అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడేది ఈ చివరిదే.

చీపురుకట్టలాంటి చెక్క

చెట్టు నీటిని వేళ్ల నుంచి ఆకులదాకా మోయాలి, గాలికి విరగకుండా నిలబడాలి. ఈ రెండు పనులకూ తగ్గట్టే చెక్క నిలువుగా పేర్చిన సన్నని గొట్టాల కట్టలా ఉంటుంది. టేకు లాంటి చెట్లలో ఒక్కో నారకణం పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. మందం వెంట్రుక కంటే తక్కువ. గొట్టం గోడల్లో సెల్యులోజ్ పోగులుంటాయి, వాటిని ఒకదానితో ఒకటి అంటించే జిగురులా లిగ్నిన్ ఉంటుంది. చీపురుకట్టను నిలువునా లాగి తెంపడం ఎవరివల్లా కాదు. పుల్లలను పక్కకు విడదీయడం పసిపిల్లలైనా చేస్తారు. చెక్క గుణం కూడా అదే. అందుకే గొడ్డలి దెబ్బకు కట్టె నిలువునా పగులుతుంది, అడ్డంగా నరకాలంటే చెమటలు పడతాయి.

చెట్టు కొలబద్దలా తిన్నగా పెరగదు. రంపం మాత్రం తిన్నగా కోస్తుంది. కాబట్టి ఏ పలకలోనైనా నార పైముఖానికి సరిగ్గా సమాంతరంగా ఉండదు. కొంచెం వాలుగా వచ్చి పైకి తేలుతుంది. పిల్లి వీపు మీద తలనుంచి తోకవైపు నిమిరితే బొచ్చు పడుకుంటుంది, తోకనుంచి తలవైపు నిమిరితే లేస్తుంది. చిత్రిక కింద చెక్క కూడా అంతే. నార వాలిన దిక్కుగా తోస్తే అంచు పోగులను పైపైన తెంపుకుంటూ పోతుంది. ఎదురుగా తోస్తే పోగుల కిందికి దూరి, మేకులా వాటిని పైకి లేపుతుంది.

లేపితే ఏమవుతుందో మేదరిని చూస్తే తెలుస్తుంది. వెదురు బొంగులో కత్తి దించి కాస్త తిప్పగానే చీలిక కత్తికంటే ముందే పరుగెత్తుతుంది. కత్తి వెనక తీరిగ్గా వస్తుంది. మేదరికి ఆ పరుగే కావాలి. చిత్రిక పట్టేవాడికి అదే శత్రువు. అంచుకంటే ముందు పరుగెత్తిన చీలిక పలక లోతుల్లోకి దిగి, పొర అక్కడ విరిగి, గుంట మిగులుతుంది. పెచ్చు లేవడమంటే ఇదే.

వృత్తి వడ్రంగి పలకను పని బల్ల మీద పెట్టేముందు పక్క అంచును ఒకసారి చూస్తాడు. అక్కడ నారగీతలు ఎటు ఎక్కుతున్నాయో గమనించి పలకను తిప్పి పెడతాడు. దీనికి ఐదు సెకన్లు పట్టవు. చాలాసార్లు చూస్తున్నానన్న స్పృహ అతనికే ఉండదు. అందుకే నేర్పేటప్పుడు చెప్పడం మరిచిపోతాడు. శిష్యుడేమో చేతుల వంక చూస్తుంటాడు, గురువు కళ్ల వంక చూడడు.

చెక్క ఎంపిక ఇంకా ముందు అడుగు. కొండపల్లి బొమ్మలకు తెల్ల పొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్ర వాడటం అలవాటు కొద్దీ వచ్చిన ఆచారం కాదు. రెండూ మెత్తగా, సన్నని నారతో, ఉలికి ఎటు తిప్పినా లొంగే చెక్కలు. పనికి తగ్గ కర్ర దొరికితే సగం నేర్పు చెట్టే సమకూర్చినట్టు. ఔత్సాహికుడు సాధారణంగా దీనికి తలకిందులుగా మొదలుపెడతాడు. ముడులూ మెలికలూ ఉన్న అందమైన పలకను చూసి ముచ్చటపడి, దానిమీదే మొదటి పాఠం నేర్చుకోబోతాడు.

పదును

పదునైన అంచు అంటే రెండు నున్నని ముఖాలు కలిసే గీత. గణితంలో గీతకు మందం లేదు, ఇనుముకు ఉంటుంది. బాగా నూరిన అంచును సూక్ష్మదర్శిని కింద చూస్తే కొన గుండ్రంగానే కనిపిస్తుంది, కాకపోతే ఆ గుండ్రదనం ఒక మైక్రాన్ లేదా అంతకంటే తక్కువ. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. తోసే బలమంతా ఆ సన్నని గీత మీద పడుతుంది కాబట్టి పోగు నలగకుండా తెగుతుంది. మొద్దుబారిన కత్తితో టమాటా కోస్తే తోలు తెగకముందే పండు నలుగుతుంది. మొద్దు అంచు కింద చెక్క గొట్టాలూ అలాగే నలిగి, కత్తి దాటాక మళ్లీ కొంత లేస్తాయి. అందుకే ఆ ముఖం పాలిపోయినట్టుంటుంది. పదును అంచు గొట్టాలను శుభ్రంగా కోస్తుంది, ముఖం వెలుగును తిప్పికొడుతుంది. చిత్రిక పట్టిన టేకు ఏ పాలిష్‌ లేకుండానే మెరవడానికి కారణం ఇది. గరుకు కాగితం ఎంత సన్నదైనా చేసేది గీరడమే.

పదునుకు ఒక బేరం ఉంది. అంచు కోణం తగ్గిస్తే సులువుగా తెగుతుంది, త్వరగా విరుగుతుంది. పెంచితే గట్టిగా నిలుస్తుంది, తోయడం కష్టమవుతుంది. ఉలులూ చిత్రిక బ్లేడులూ ఎక్కువగా 25 డిగ్రీలకు అరగదీసి, కొసన 30 డిగ్రీలకు నూరడం ఈ బేరంలో కుదిరిన మధ్యేమార్గం. టేకులో సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. కాబట్టి అది మెత్తగా తెగుతున్నట్టే ఉండి అంచును త్వరగా తినేస్తుంది.

ఇక్కడ ఇద్దరి దారులూ స్పష్టంగా విడిపోతాయి. ఔత్సాహికుడి దగ్గర అరడజను సానరాళ్లుంటాయి, కోణం తప్పకుండా పట్టుకునే పరికరం ఉంటుంది. నూరడం అతనికి ఆదివారం పూజ. గంటసేపు శ్రద్ధగా నూరి, ఆ తరువాత వారాల తరబడి దాని జోలికి పోడు. వృత్తి వడ్రంగి దగ్గర ఒకటో రెండో రాళ్లుంటాయి. పని మధ్యలో నాలుగు రుద్దులు రుద్ది, వెనక్కి తిప్పి ఒక రుద్దు రుద్ది, మళ్లీ పనిలో పడతాడు. మొత్తం రెండు నిమిషాలు. అతని బ్లేడు ఎప్పుడూ అద్భుతమైన పదునులో ఉండకపోవచ్చు. ఎప్పుడూ మొద్దుగా మాత్రం ఉండదు.

కొత్తవారి అంచు పదునెక్కకపోవడానికి సర్వసాధారణ కారణం రాయి కాదు. వాలు ముఖాన్ని అద్దంలా మెరిపిస్తారు గాని అరుగుదల కొసదాకా చేరకముందే ఆపేస్తారు. కొసదాకా చేరినట్టు గుర్తు ఒకటే: బ్లేడు వెనకవైపు వేలితో తడిమితే సన్నని ఇనుప ముళ్ల అంచు తగులుతుంది. అది తగిలాకే మెత్తరాయికి మారాలి.

జపాన్‌లో 1997 నుంచి ‘కెజురోకై’ పేరుతో చిత్రిక పోటీలు జరుగుతున్నాయి. అక్కడ తీసే పొరలు పది మైక్రాన్ల లోపు ఉంటాయి, వాటి గుండా అవతలివైపు చదవవచ్చు. చూడముచ్చటైన విద్యే. అయితే ఏ కుర్చీకీ బల్లకూ అంత సన్నని పొరతో పని లేదు.

కొనమీద చూపు

1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త ఉలి, సుత్తి పని చేసే కార్మికుల చేతులకు చిన్న దీపాలు కట్టి, కదలికలను ఫొటోల్లో నమోదు చేశాడు. ఆరితేరిన కార్మికుడి భుజం, మోచేయి, మణికట్టు ప్రతి దెబ్బకూ అచ్చం ఒకే దారిలో కదులుతాయని ఎవరైనా ఊహిస్తారు. తేలింది వేరు. కీళ్ల దారి దెబ్బదెబ్బకూ మారుతోంది. అన్నిటికంటే తక్కువ మారేది సుత్తి కొన దారి. భుజం కాస్త ఎక్కువ కదిలితే మోచేయి తగ్గించి సర్దుతోంది. చేయి తిరగడమంటే ఒకే కదలికను అచ్చు గుద్దినట్టు చేయడం కాదు, ఒకే ఫలితాన్ని రకరకాల కదలికలతో సాధించడమని దీని అర్థం.

కొత్తవాడు కీళ్లను బిగబట్టి ఈ సర్దుబాటుకు చోటు లేకుండా చేస్తాడు. రంపాన్ని పిడికిలి తెల్లబడేలా పట్టుకుంటాడు. గీత తప్పగానే బలవంతంగా మెలితిప్పుతాడు. రంపపు కోత ఇరుకు సందు, అందులో మెలితిప్పితే పట్టేస్తుంది. పాత చేయి రంపాన్ని వేళ్లతో పిట్టను పట్టుకున్నంత వదులుగా పట్టి, దాని బరువుతోనే కోయనిస్తుంది. తప్పు గోరంత ఉండగానే సర్దుతుంది.

చిత్రికకు ఇంకో చిక్కుంది. పలక మొదట్లో చిత్రిక వెనక సగం గాలిలో ఉంటుంది, చివర్లో ముందు సగం గాలిలో ఉంటుంది. బరువంతా ఒకే తీరుగా వేస్తే అది తక్కెడలా రెండు కొనలలోనూ కిందికి వాలి, పలక చివరలు ఎక్కువ అరిగిపోతాయి; మధ్య ఉబ్బుగా మిగులుతుంది. మొదట ముందు చేతి మీద, చివర వెనక చేతి మీద ఒత్తిడి ఉండాలి. మనవైపు వడ్రంగి నేలమీద కూర్చుని పలకను కాలితో అదిమిపట్టి ఈ పని చేస్తాడు, యూరప్ వడ్రంగి నిలబడి బల్లకు బిగించి చేస్తాడు. భంగిమ వేరైనా బరువు చేతులు మారే లెక్క ఒకటే.

బ్రిటిష్ రచయిత, ఫర్నిచర్ ఆచార్యుడు డేవిడ్ పై 1968లో అచ్చయిన పుస్తకంలో చేతిపనిని చక్కగా రెండు రకాలు చేశాడు. ఒకదానిలో పని పూర్తయ్యేదాకా ఫలితం ప్రమాదంలోనే ఉంటుంది. రెండోదానిలో మొదలుపెట్టకముందే ఫలితం ఖాయమై ఉంటుంది. చేత్తో పెట్టిన ముగ్గు మొదటి రకం, చిల్లుల డబ్బా దొర్లించి వేసిన ముగ్గు రెండోది. డేవిడ్ పై చెప్పినదాంట్లో అసలు మెలిక ఏమిటంటే, చేతి పనిముట్లు కూడా ప్రమాదాన్ని తగ్గించడానికే పుట్టాయి. ఉలికి ఎంత లోతైనా దిగే స్వేచ్ఛ ఉంది. అదే ఇనుప ముక్కను దిమ్మలో బిగించి, నోట్లోంచి వెంట్రుకవాసి మాత్రం బయటపెడితే చిత్రిక అయింది. వృత్తి వడ్రంగికి ప్రమాదం మీద మోజు లేదు. దాన్ని తగ్గించే దారి ఏది దొరికినా వాడుకుంటాడు.

సొరుగు అడుగున ఏముంది

18వ శతాబ్దపు మంచి ఇంగ్లీషు, అమెరికన్ ఫర్నిచర్‌ను మ్యూజియంలో ముందునుంచి చూసి నోరు తెరిచేవారు, సొరుగు లాగి దాని అడుగు తడిమితే కంగు తింటారు. అక్కడ ముతక చిత్రిక వదిలిన అలలు చేతికి తగులుతాయి. పావురం తోక ఆకారపు కీళ్ల దగ్గర గేజితో గీసిన గీతలు చెరపకుండా ఉంటాయి. సొరుగు లోపల, రంపం గీత దాటి కోసిన గుర్తులు కూడా కనిపిస్తాయి. చేతగాక వదిలేశారా అంటే, ముందువైపు చెక్కడం చూస్తే ఆ మాట అనలేం.

కారణం కూలి. లండన్‌లో 1788లో ఫర్నిచర్ పనివారి ధరల పుస్తకం అచ్చయింది. ఫలానా బీరువాకు ఇంత, అదనపు సొరుగుకు ఇంత అని పనికి రేటు కట్టిన పట్టిక అది. సొరుగు అడుగు నున్నగా ఉంటే ఎవరూ ఒక పెన్నీ కూడా ఎక్కువ ఇవ్వరు. కాబట్టి కంటికి, చేతికి, కీలుకు తగిలే ముఖాలు కచ్చితంగా ఉండేవి; మిగతావి ‘చాలు’ అన్నంత దగ్గర ఆగేవి. ఔత్సాహికుడికి కూలి లెక్క లేదు, గడువూ లేదు. అతను ఆరు ముఖాలనూ ఒకే శ్రద్ధతో నున్నచేస్తాడు. అది తప్పేమీ కాదు, అతని ఇష్టం. కాకపోతే బలం, ఓపిక అక్కర్లేని చోట ఖర్చయిపోయి, అసలు కీలు దగ్గరికి వచ్చేసరికి చేయి అలిసిపోతుంది.

పనివరసలోనూ ఇదే సంగతి. పొలంలో ముందు నాగలి, తరువాత గుంటక, చివర నేల చదును చేసే మాను. మానుతో దుక్కి దున్నబోయే రైతు ఎక్కడా ఉండడు. చెక్కకూ మూడు అంచెలున్నాయి. బ్లేడు అంచు విల్లులా వంపు తిరిగిన ముతక చిత్రిక మిల్లీమీటరు దాకా మందంగా తీసి ఎత్తుపల్లాలు కొట్టేస్తుంది; పొడవాటి చిత్రిక చదును చేస్తుంది; పొట్టి చిత్రిక చివర రెండు మూడు పొరలు తీసి నునుపు తెస్తుంది. కొత్తవారు పొట్టి చిత్రిక ఒక్కదానితో, సన్నని పొరలతో గంటలకొద్దీ కుస్తీ పడుతుంటారు. చేతిపని నిదానమనే పేరు చాలావరకు ఇలా వచ్చిందే.

కొలతల విషయంలో వృత్తి వడ్రంగి ఇంకా పొదుపరి. అంకెలు చదివి, గుర్తుపెట్టుకుని, మళ్లీ గీసే ప్రతి అడుగులోనూ తప్పు దొర్లే వీలుంది. అతను తలుపు వెడల్పును ఒక పుల్లమీద గీటుపెట్టి ఆ పుల్లనే చెక్కమీద పెడతాడు, అంకెతో పనిలేదు. పెన్సిలు గీతకు అర మిల్లీమీటరు మందం ఉండొచ్చు. దానికి ఎటుపక్క కోయాలన్నది కొత్త తగవు. కత్తిమొనతో గీస్తే ఆ గీత సన్నని పల్లం, ఉలి అంచు దానంతటదే అందులో కూర్చుంటుంది. పలకలో ఒక ముఖం, ఒక అంచు మాత్రం కచ్చితంగా చేసి గుర్తు వేస్తాడు. మిగిలిన కొలతలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. ఒక చెక్క కొసన చెక్కిన కుసి, ఇంకోదాంట్లో తొలిచిన తొలిలో బిగుతుగా దిగడానికి సెంటీమీటర్ల లెక్క ఏమీ సాయపడదు. తొలికి తగ్గట్టు కుసి చెక్కితే సరి.

పలక మెలి తిరిగిందో లేదో చూసే పద్ధతిలో ముచ్చటైన జ్యామితి ఉంది. రెండు తిన్నని బద్దలను పలక రెండు కొసల మీద అడ్డంగా పెట్టి, ఒకదాని పైనుంచి రెండోదాన్ని ఒంటికంటితో చూస్తారు. బద్దలు పలక వెడల్పుకంటే మూడింతలు పొడవుంటే, మెలిక కూడా బద్ద కొసల్లో మూడింతలై కనిపిస్తుంది.

ఇంత తెలివిగా వదిలేసే వడ్రంగి ఒకచోట మాత్రం వదలడు. అది తేమ. చెక్క గాలిలో తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. వానాకాలం తలుపు గడపకు పట్టేయడం అందరికీ తెలిసిందే. ఈ మార్పు అన్ని దిక్కులా ఒకలా ఉండదు. పచ్చి టేకు పూర్తిగా ఆరితే వయసు వలయాల వెంట సుమారు 5.8 శాతం, నడిమి చేవనుంచి బెరడువైపు సుమారు 2.5 శాతం తగ్గుతుంది. నిలువున తగ్గేది లెక్కలోకి రాదు. అందుకే పాతకాలపు తలుపుల్లో పలకను చట్రం గాడిలో దూర్చి, జిగురు పెట్టకుండా వదులుగా ఉంచుతారు. కదలనివ్వడమే ఆ కీలు రహస్యం. ఔత్సాహికుడు ఇంకా గట్టిగా ఉంటుందని నాలుగువైపులా జిగురు పట్టిస్తాడు. మొదటి వేసవికే పలక మధ్యలో పగులుతుంది.

మడుపు పలక కథ

ఇంతవరకు చదివితే వృత్తిదారుడు గురువు, ఔత్సాహికుడు శిష్యుడు అన్న తీర్పు ఇచ్చేసినట్టుంటుంది. చరిత్ర అంత తిన్నగా లేదు. 20వ శతాబ్దంలో వృత్తి వడ్రంగులు కరెంటు యంత్రాలకు మారారు. పోటీలో బతకాలంటే మరో దారి లేదు. పాశ్చాత్య దేశాల్లో చేతి చిత్రికను పట్టుకుని కూర్చున్నది ఎక్కువగా ఔత్సాహికులే. వృత్తి చేతుల్లోంచి జారిపోయిన తెలివిడి ఒకటి వారి చేతుల్లోనే మళ్లీ తేలింది.

ముడుల దగ్గర నార దిక్కు మారిపోతుంది. కొన్ని ఉష్ణమండలపు చెక్కల్లో నార వరసవరసకూ ఎదురెదురుగా తిరుగుతుంది. అక్కడ పలకను ఎటు తిప్పినా లాభం లేదు. దీనికి పాతకాలపు విరుగుడు బ్లేడు మీద బిగించే రెండో ఇనుప పలక. ఇంగ్లీషులో చిప్‌బ్రేకర్ అంటారు, తెలుగులో ‘మడుపు పలక’ అనుకోవచ్చు. బ్లేడు లేపిన పొర నిటారుగా, బిరుసుగా పైకి వస్తే అది మీటలా పనిచేసి, ముందున్న చెక్కను చీలుస్తుంది. మడుపు పలక అంచు బ్లేడు కొసకు అతి దగ్గరగా ఉంటే పొర లేచీలేవగానే దానికి తగిలి ముందుకు మడిగిపోతుంది. మడిగిన పొరకు మీట బలం ఉండదు. చీలిక పరుగు అక్కడితో ఆగుతుంది. తోయడానికి బలం కాస్త ఎక్కువ కావాలి, అంతే.

రెండు ఇనుముల చిత్రికలు 1767లోనే ఫిలడెల్ఫియాలో అమ్మకానికి ఉన్నట్టు పత్రికా ప్రకటన దొరుకుతోంది. ఫర్నిచర్ పనిలో శిక్షణ పొందిన పీటర్ నికల్సన్ 1812లో రాసిన పుస్తకంలో, ఎదురునార చెక్కకు ఈ పలకను కొసకు మరీ దగ్గరగా పెట్టాలని వివరించాడు. తరువాత యంత్రాలు వచ్చాయి, చిత్రిక మూలపడింది, ఈ సంగతి మరుగునపడింది. 20వ శతాబ్దం చివర్లో చేతిపని మీద మోజు మళ్లీ పుట్టినప్పుడు, పెచ్చులు లేవకుండా ఉండటానికి ఔత్సాహికులకు దొరికిన సలహాలు వేరు: మందమైన బ్లేడు కొనండి, నిటారు కోణం చిత్రిక కొనండి, నోరు సన్నం చేయండి. అన్నీ ఎంతో కొంత పనిచేసేవే, అన్నీ డబ్బు ఖర్చయ్యేవే. మడుపు పలక బ్లేడు అదరకుండా ఆపడానికేనని చాలామంది నమ్మారు.

జపాన్‌లోని యమగత విశ్వవిద్యాలయానికి చెందిన కవాయ్, కటో అనే ఆచార్యులు చిత్రిక కొస దగ్గర జరిగేదాన్ని బాగా పెద్దది చేసి సినిమా తీశారు. మడుపు పలక లేనప్పుడు చీలిక కొసకంటే ముందు పరుగెత్తడం, పలకను 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దూరంలోకి తేగానే అది ఆగిపోవడం అందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. 2012 ప్రాంతంలో ఆ సినిమా పాశ్చాత్య ఔత్సాహికుల కంటబడింది. వాళ్లు తమ చిత్రికలకు అలా బిగించి చూశారు, పాత పుస్తకాలు తిరగేశారు. రెండు వందల ఏళ్లనాటి పనివారికి తెలిసిందే తాము మళ్లీ కనుక్కున్నామని గ్రహించారు. గడువులేని తీరికా, పట్టువదలని కుతూహలమూ ఉన్నవారికే చిక్కిన ఫలితం ఇది. పనికి రేటు కట్టి బతికేవాడికి పాత పుస్తకం తిరగేసే పూట దొరకదు.

ఆ అమరికకు కావలసింది ఒక స్క్రూ వదులుచేసి, పలకను వెంట్రుకవాసి ముందుకు జరిపి, మళ్లీ బిగించడం. ఇనుప దిమ్మతో మామూలుగా దొరికే పొడవాటి, పొట్టి చిత్రికల్లో చాలావాటికి ఆ పలక ముందునుంచీ ఉన్నదే.